మీ బాబు బ్యాగు మురికిగా ఉన్నది

మా వాడి డైరీలో ఎర్ర సిరాతో రాసి పంపారు: "మీ బాబు బ్యాగు మురికిగా ఉన్నది. తల్లి శ్రద్ధ వహించవలెను. స్కూలు ఆఫీసులో కొత్త బ్యాగులు లభించును." మొదటి వాక్యం నేరం, రెండోది నేరస్థురాలు, మూడోది జరిమానా కట్టాల్సిన కౌంటరు. ఇంత పొదుపుగా రాయడం వచ్చిన మనిషి ఆరో తరగతి పిల్లల చేత వర్షాకాలం మీద రెండేసి పేజీలు ఎందుకు రాయిస్తారో మరి. తండ్రి మాత్రం శ్రద్ధ వహించనక్కర్లేదు, ఆయన ఫీజు వహిస్తే చాలు.

ఆఫీసులో లభించు ఆ బ్యాగు గురించి మీకు నేను చెప్పేదేముంది. ముందు భాగంలో బడి బొమ్మ అచ్చేసి ఉంటుంది, అదే గుడ్డ అదే జిప్పు బజార్లో ఎంతకొస్తుందో మనందరికీ తెలుసు, కాబట్టి ఆ బొమ్మ ఖరీదెంతో కూడా తెలుసు. దీపావళికల్లా రన్నరు ఊడి చేతికొస్తుంది. శ్రీకాకుళం ఆడదాన్ని, ఒకరి చేత మురికి అనిపించుకుని, మళ్లీ వాళ్లకే డబ్బులు కట్టి వస్తానా? ఆదివారం పొద్దున్నే బ్యాగు పట్టుకెళ్లి పెరట్లో పాత పేపరు పరిచి బోర్లించాను.

మన జిల్లాలో వంశధార ఒడ్డున శాలిహుండం ఉంది కదా, 1919లో గిడుగు రామమూర్తి గారు గుర్తించిన బౌద్ధ క్షేత్రం. తవ్వకాల్లో ఒక మర్యాద ఉంటుంది, పై పొర తీశాకే కింది పొర జోలికి వెళ్లాలి. నేనూ అలాగే కానిచ్చాను. పై పొరలో పెన్సిలు చెక్కిన పొట్టు, బిస్కట్టు పొడి, రెండు ముక్కలైన స్కేలు. దాని కింద దసరాకి ముందు నాటి యూనిట్ టెస్టు పేపరు, మార్కులున్న మూల మాత్రం చాలా జాగ్రత్తగా చింపేసి ఉంది. ముందు అరలో మూత లేని పెన్ను ఒకటి, అది కక్కిన నీలం సిరా, ఆ సిరాలో ఊరి నల్లబడిన పలాస జీడిపప్పు రెండు బద్దలు. అరటిపండు తొక్క ఒకటి దొరికింది గానీ, అది అరటిపండుదే అని తేల్చడానికి మా అత్త సాక్ష్యం కావాల్సి వచ్చింది. వాటర్ బాటిల్ పెట్టే వల జేబులో తెల్లటి బూజు. అన్నిటికన్నా అడుగున, నాలుగు మడతలు పెట్టి, ఏ కాలంలోనూ ఎవరూ విప్పని ఒక కాగితం. విప్పాను. బడివాళ్ల సర్క్యులరే. "స్కూలు బ్యాగు బరువు తగ్గించుటపై తల్లిదండ్రులకు అవగాహన సదస్సు." అది కూడా మా వాడే మోస్తున్నాడు, జూన్ నుంచీ.

తవ్వకాలు అయ్యేసరికి మా ఆయన కుర్చీ వేసుకుని ఫోన్ తీసి సలహాదారుగా పదవీ స్వీకారం చేశారు. బ్యాగుని వాషింగ్ మెషీన్లో వేసెయ్యొచ్చట, ఎవరో వీడియోలో చూపించారట. ఆ వీడియో చేసినవాడి బ్యాగు కొట్లోంచి ఆ రోజే వచ్చినట్టుంది. నాలుగేళ్లు వాడిన పాలిస్టర్ బ్యాగు లోపల చెయ్యి పెట్టి చూడండి, వాన నీళ్లు దిగకుండా వేసిన పాలియురెథేన్ పూత ఉంటుంది. వేడికీ తేమకీ అది ఏళ్ల మీద జిగటగా మారి పొలుసులు లేస్తుంది. మెషీన్లో పడేసి వేడి నీళ్లతో గిరగిరా తిప్పారంటే ఆ పొలుసులన్నీ ఊడి, తర్వాత వేసే లుంగీలకీ తువ్వాళ్లకీ అంటుకుంటాయి, పట్టీలు డ్రమ్ముకి చుట్టుకుంటాయి, బ్యాగు వానకి పనికిరాకుండా పోతుంది. ఇదంతా ఆయనకి చెప్పాను. "మరి గోరువెచ్చని నీళ్లు అని రాశారే" అని ఫోన్‌లోనే వెతుకుతూ ఉండిపోయారు. బకెట్ మాత్రం ముట్టుకోలేదు.

నేను బ్లీచింగ్ పౌడరు తియ్యబోతుంటే, "ఏటే అమ్మీ, ఇంట్లో కుంకుడుకాయలుండగా ఆ పొడేటి?" అంది మా అత్త. ఆవిడ మాటే నెగ్గింది. కుంకుడు నురగ గుడ్డని పాడు చెయ్యదు, బ్లీచింగ్ పౌడరైతే రంగూ దారమూ రెండూ తినేస్తుంది. ముందు పొడి బ్రష్‌తో దుమ్ము దులపాలి, ఆ పని చెయ్యకుండా నీళ్లు పోశారంటే దుమ్ము బురదై నేతలోకి దిగిపోతుంది. తర్వాత పాత టూత్‌బ్రష్ కుంకుడు రసంలో ముంచి కుట్ల వెంబడి రుద్దుకుంటూ పోవాలి. సిరా మరక కింద పాత గుడ్డ పెట్టి, పైనుంచి శానిటైజర్‌లో ముంచిన దూదితో అద్దాలి, రుద్దితే పాకుతుంది. కరోనా నాటి సీసా ప్రతి ఇంట్లోనూ ఒకటి మిగిలే ఉంది కాబట్టి దానికి కొత్తగా ఖర్చు లేదు.

రుద్దుతుంటే తెలిసింది ఎక్కడి మురికి ఎక్కడిదో. బ్యాగు లోపల ఉన్నది మా వాడిది, ఒప్పుకుంటాను. బయట అడుగున తారులా పట్టినది వాడిది కాదు. స్కూలు ఆటోలో పిల్లలకే చోటు ఉండదు, ఒకళ్ల ఒళ్లో ఒకళ్లు కూర్చుంటారు, అందుకని బ్యాగులు బయట కొక్కేలకి వేలాడదీస్తారు. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఇసుక లారీల వెనక ఆ బ్యాగులు ఊగుతూ, పొగంతా తాగుతూ రోజూ బడికి వెళ్తాయి. ఇది టీచరమ్మకి కనపడదా? ఆటో ఆగేది బడి గేటు ముందే.

వీపుకి ఆనే వైపు ఇంకోటి కనపడింది. భుజాల కింద తెల్లటి చారలు, చెమట ఎండి మిగిలిన ఉప్పు. చారల పైన, పట్టీ బ్యాగుకి కలిసే చోట, కుట్టు విడిపోయి దారాలు బయటికొచ్చేశాయి, లోపలి స్పాంజి కనిపిస్తోంది. గుడ్డ చిరగలేదు, జిప్పు పోలేదు, బరువుకి కుట్టొక్కటే తెగింది. కుంకుడు రసం పక్కన పెట్టి ఆ దారాలు పట్టుకుని కూర్చున్నాను కాసేపు. ఇక్కడ నాకు వెటకారం రావడం లేదు, మన్నించండి.

2020లో కేంద్ర విద్యాశాఖ స్కూల్ బ్యాగ్ పాలసీ అని ఒకటి ఇచ్చింది. పిల్లల బరువులో పది శాతం మించకూడదంది. ఆరు, ఏడు తరగతులకి రెండు నుంచి మూడు కేజీలు అని అంకె కూడా వేసింది. బడిలో డిజిటల్ కాటా పెట్టి బ్యాగులు తూచి చూడమంది. ఏదీ ఆ కాటా? ఫీజు లెక్కపెట్టే మెషీన్ ఉంది మీ దగ్గర, పిల్లాడి భుజం మీద ఎంత వేస్తున్నారో లెక్కపెట్టేది లేదు. మీరే అమ్మిన గైడ్లు, మీరే అమ్మిన వర్క్‌బుక్కులు, ఆ రోజు చెప్పినా చెప్పకపోయినా అన్నీ తెమ్మంటారు, తేకపోతే ఎండలో నిలబెడతారు, పదకొండేళ్ల వాడు నడుం వంచుకుని మెట్లెక్కుతుంటే చూస్తూ నిలబడి, ఆ బ్యాగు రంగు బాగాలేదని తల్లికి ఉత్తరం రాస్తారా? సిగ్గుండాలి.

సరే, పిండకూడదు, పిండితే పట్టీల్లో స్పాంజి ముద్దకడుతుంది. నురగ పోయేదాకా జాడించి, తువ్వాల్లో చుట్టి నొక్కి, జిప్పులన్నీ తెరిచి నీడలో తలకిందులుగా వేలాడదీశాను. సముద్రపు గాలి ఊరు, పట్టీల్లోపల స్పాంజి ఒక్క రోజులో ఆరదు. రన్నరు బిగుసుకుంటే కొవ్వొత్తి ముక్క పళ్ల మీద రుద్దండి, జారుతుంది. కుట్టు మాత్రం చెప్పులు కుట్టే తాత దగ్గర మందపు దారంతో వేయించాలి.

బ్యాగు ఆరుతోంది, పుస్తకాలన్నీ అరుగు మీద దొంతర పెట్టి ఉన్నాయి, అంతలో వీధిలో పాత పేపర్లవాడి కేక. పిలిచి, ఒకసారి తూచిపెట్టు బాబూ అన్నాను. గోనెసంచిలో వేసి స్ప్రింగు కాటాకి తగిలించాడు. ఏడు కేజీల ముప్పావు. మా వాడు ముప్పై కేజీలు ఉంటాడు.

"కేజీకి పది ఇత్తానమ్మా, ఏటంటారు?" అన్నాడు.

నేను ఇంకా నోరు తెరవకముందే మా వాడు లోపలికి పరిగెత్తి హిందీ గైడు కూడా పట్టుకొచ్చాడు.