సోఫా మీద మన గంటస్తంభం

అమెరికాలో మనవాళ్ల ఇళ్లకి వెళ్తే సోఫా మీద బ్రూక్లిన్ బ్రిడ్జి, గోడ మీద ఈఫిల్ టవర్, కర్టెన్ మీద లండన్ కనిపిస్తాయి. వీధంతా నలుపు తెలుపులో ఉండి బస్సు ఒక్కటే ఎర్రగా ఉండే కుషన్ కవర్ అయితే ఎన్ని ఇళ్లలో చూశానో. అవీ అందమైన ఊళ్లే, కాదనను. కానీ ఆ దిండుకి ఆనుకుని కూర్చున్న మనిషి విజయనగరంలో పుట్టి పెరిగినప్పుడు, ఇంట్లో ఎక్కడా ఆ ఊరి జాడ లేకపోవడం నాకు బాధగా ఉంటుంది.

మన గంటస్తంభానికి ఏం తక్కువ? 1885లో కట్టింది, ఎనిమిది పలకలతో 68 అడుగుల ఎత్తు. కోట ఉంది, మహారాజా సంగీత కళాశాల ఉంది. అయితే నన్నడిగితే ఖాళీ కట్టడం కంటే బజారు ఫొటోయే మేలు. స్తంభం పక్కనుంచి దూరే ఆటోలు, తోపుడు బళ్లు, తలల మీదుగా వేలాడే కరెంటు తీగలు, తెలుగులో రాసిన షాపుల బోర్డులు, అన్నీ ఉండాలి. ఇక్కడ పుట్టిన పిల్లలు ఆ బోర్డులు కూడబలుక్కుని చదువుతారు. "ఇది ఎక్కడమ్మా?" అని అడుగుతారు. అమ్మమ్మగారి వీధి గురించి చెప్పడానికి అంతకంటే మంచి సందు దొరకదు.

ఊరు మనకోసం ఆగదు కూడా. మూడు లాంతర్ల జంక్షన్‌లో తరతరాలుగా చూసిన పాత దీపస్తంభాన్ని 2020లో తీసేశారు, ఊళ్లో పెద్ద గొడవే అయింది. పోయాక వెతుక్కుంటే ఫొటోలు అంత సులువుగా దొరకవు.

మన ఊరి ఫొటోతో కుషన్ కవర్లు, కర్టెన్లు చేయించుకునేవాళ్లకి ఒక మాట. వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫొటోని ప్రింటుకి ఇవ్వకండి, అది నాణ్యత తగ్గిపోయి వస్తుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి. 16 అంగుళాల కవర్ మీద బొమ్మ స్పష్టంగా పడాలంటే ఒక్కో వైపు 2400 పిక్సెల్స్ ఉంటే మంచిది. కుచ్చిళ్ల కర్టెన్ మీద స్తంభం వేయిస్తే మడతల్లో ముక్కలైపోతుంది, దానికి చదునుగా దిగే రోలర్ బ్లైండే నయం. ఈ ఫొటో ప్రింట్లు ఎక్కువగా పాలియెస్టర్ మీదే వేస్తారు, రంగు బాగా నిలుస్తుంది. పొందూరు ఖాదీ మీద మాత్రం వద్దు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకి, చేత్తో వడికి నేసిన బట్ట అది. దాని అందం దానిదే, మీద ఏ బొమ్మా అక్కర్లేదు.

మన ఊరి అమ్మవారు పైడితల్లమ్మ రూపాన్ని కూడా దిండ్ల మీదకి తేకండి. వీపు ఆనించే చోట, కాళ్లు చాపుకునే చోట అమ్మవారేమిటి? ఆ తల్లి పండగ సిరిమానోత్సవం రోజు మేడల మీద, గోడల మీద కిక్కిరిసిన జనాన్ని తీయించండి, పండగంతా అందులోనే ఉంటుంది.

అన్నిటికంటే ముఖ్యం, నెట్‌లో దొరికిన ఫొటోని ఎత్తుకొచ్చి అచ్చు వేయొద్దు. ఎవరో ఎండలో నిలబడి తీసిన బొమ్మ అది. విజయనగరం, శ్రీకాకుళంలో స్టూడియోలు నడుపుకునేవాళ్లు, సొంతంగా ఊరంతా తిరిగి ఫొటోలు తీసే కుర్రాళ్లు ఉన్నారు. వాళ్లని అడిగి, డబ్బిచ్చి కొనుక్కుందాం. మన సంఘమే ఈ పని మొదలుపెట్టాలని నా కోరిక. సిరిమానోత్సవం దసరా వెళ్లిన మంగళవారం. ఇప్పుడే మాట్లాడుకుంటే ఈ ఏడాది ఫొటోలే అందుతాయి. తీసినవాళ్ల పేరు ప్రతి కవర్ వెనకా అచ్చు వేయిద్దాం.