‘ఎవరో ఒకరు’ అంటే కుదరదు

జూన్ 12న బడులు తెరుస్తారు. ఆలోగా రవాణా శాఖ అధికారులు స్కూలు బస్సులను ఆపి ఫిట్‌నెస్ ఉందా, డ్రైవరుకు లైసెన్సు ఉందా, అత్యవసర ద్వారం తెరుచుకుంటోందా అని చూస్తారు. చూడాల్సిందే. కానీ ఆ బస్సు దిగి బడిలోకి వెళ్లిన పిల్లవాడి వినికిడి మిషన్‌ను సరిచేసేది ఎవరు? మాట రాని పాప ఎదురుగా కూర్చుని ‘థెరపీ’ ఇస్తున్నది ఎవరు? వాళ్లకు లైసెన్సు ఉందా అని అడిగే అధికారి మాకు కనిపించడం లేదు.

చట్టం లేకపోతే అది వేరే సంగతి. చట్టం ఎప్పుడో ఉంది. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం, అంటే ఆర్‌సీఐ చట్టం, 13వ సెక్షన్‌లో విషయం తేల్చేసింది. కేంద్ర పునరావాస రిజిస్టర్‌లో పేరు లేనివారు వినికిడిని పరీక్షించే ఆడియాలజిస్టుగా, మాట నేర్పే స్పీచ్ థెరపిస్టుగా ప్రాక్టీసు చేయకూడదు. ప్రభుత్వంలో గానీ, స్థానిక సంస్థలు నడిపే చోట గానీ ఆ హోదాలో పనిచేయకూడదు. మీరితే ఏడాది వరకు జైలు, లేదా 1000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ‘ప్రభుత్వంలో’ అన్న మాటను విద్యాశాఖ మళ్లీ ఒకసారి చదవాలి. సర్కారు బడికి ఇందులో మినహాయింపు లేదు. పైగా ఆ 1000 రూపాయలు నగరాల్లో ఒకటి రెండు సెషన్ల ఫీజు. దానికి ఎవరు భయపడతారు?

అర్హులు మండలాలకు రావడం లేదని, అసలు ఎవరూ లేకపోవడం కంటే ఎవరో ఒకరు ఉండటం నయమని ఒక వాదన ఉంది. కొరత నిజమే. కానీ ఈ ‘ఎవరో ఒకరు’ అనే మాటే మమ్మల్ని భయపెడుతోంది. పల్లెల్లో డాక్టర్లు లేరు కదా, ఎవరో ఒకరు సూది వేస్తే చాలనుకున్నాం. ఊరూరా ఆర్‌ఎంపీలు వెలిశారు. చివరికి శిక్షణ ఇచ్చి గుర్తింపు కూడా ఇస్తామని ప్రభుత్వాలే హామీలిచ్చే దాకా వచ్చింది. మాట రాని పిల్లల విషయంలోనూ అదే దారి తొక్కుతామా? ఈ ఏడాది తాత్కాలికం అంటారు, వచ్చే ఏడాది అనుభవం ఉందంటారు, ఆ తర్వాత రెగ్యులరైజ్ చేయమంటారు. అప్పుడు ఆపగలిగేది ఎవరు?

మాటకేముంది, వస నాకిస్తే అదే వస్తుంది అనుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. తల్లిదండ్రులకు తెలియకపోవచ్చు, శాఖకు తెలియాలి. చెవిలో చీము కారే పిల్లవాడు వెనక బెంచీలో కూర్చుని పాఠం సగమే వింటాడు. వాడు మొద్దు కాదని, వినపడక అలా ఉన్నాడని తేల్చాలంటే నిశ్శబ్దమైన గదిలో పరీక్ష చేసి, ఎంత వినిపిస్తోందో చూపే ఆడియోగ్రామ్ చదవగలగాలి. వినికిడి మిషన్‌లో శబ్దం అవసరానికి మించి పెడితే మిగిలిన వినికిడి కూడా దెబ్బతినవచ్చు. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కండరాలు పట్టు తప్పిన బిడ్డకు తినిపించే పద్ధతి తెలియకపోతే ముద్ద ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. బొమ్మల కార్డులు చూపించి ‘అ’ అనిపించడమే థెరపీ అనుకునేవారికి ఇవేవీ తెలియవు. ఆడియాలజిస్టులు, స్పీచ్ థెరపిస్టులు చదివే బీఏఎస్‌ఎల్‌పీ డిగ్రీ కోర్సు ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు ఎందుకుంటుంది? ఏడాది డిప్లొమా చేసినవారిని సహాయకులుగానే ఎందుకు చూస్తారు?

మరో సంగతి. ఆరోగ్యశ్రీ రోజుల నుంచీ చెవిటి పిల్లలకు లక్షలు ఖర్చుపెట్టి కాక్లియర్ ఇంప్లాంట్లు, అంటే లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరాలు, వేయిస్తున్నాం. మంచి పని. కానీ ఆపరేషన్‌తో పిల్లకు మాట రాదు. తర్వాత ఆ పరికరాన్ని పిల్లకు తగ్గట్టు సరిచేసే మ్యాపింగ్ జరగాలి, వినడం నేర్పాలి, అదీ నెలలూ ఏళ్లూ సాగాలి. మాట పట్టుబడే తొలి ఏళ్లను చేతకాని చేతుల్లో పోగొడితే అవి తిరిగి రావు.

సుప్రీంకోర్టు 2021లో, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే ప్రత్యేక ఉపాధ్యాయుల నిష్పత్తిపై తీర్పు ఇచ్చింది. ప్రాథమిక స్థాయిలో పది మంది పిల్లలకు ఒకరు, ఆపైన పదిహేను మందికి ఒకరు ఉండాలంది. 2025 మార్చిలో మళ్లీ రాష్ట్రాలను మందలించి పోస్టులు నోటిఫై చేయమంది. వాళ్లను నియమిస్తే థెరపిస్టు పని కూడా తీరిపోతుందని ఎవరైనా లెక్క వేస్తే అది తప్పు లెక్క. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సర్కారు నడిపే భవిత కేంద్రాల్లో రోజువారీ భారం మోస్తున్న ఐఈఆర్‌పీల, అంటే సమ్మిళిత విద్య రిసోర్సు పర్సన్ల, కష్టం మాకు తెలుసు. వాళ్ల నెత్తిన ఆడియాలజిస్టు పని కూడా పెట్టడం వాళ్లకూ అన్యాయమే, పిల్లలకూ అన్యాయమే. కొరత తీరాలంటే పోస్టులు మంజూరు చేయాలి, బతకగలిగే జీతం ఇవ్వాలి. గౌరవ వేతనం పేరుతో కొద్దిపాటి డబ్బు చూపించి నాలుగేళ్ల డిగ్రీ చదివినవారు రావడం లేదని నిట్టూర్చడం ఏం న్యాయం?

ఆర్‌సీఐ రిజిస్టర్ ఆన్‌లైన్‌లో ఉంది. పేరో నంబరో కొడితే తేలిపోతుంది. ఈ చిన్న పని కూడా చేయకుండా పిల్లల్ని గదిలోకి పంపుతుంటే దాన్ని కొరత అనరు, నిర్లక్ష్యం అంటారు. ‘స్పీచ్ థెరపీ కలదు’ అని అడ్మిషన్ల బ్యానర్లు కట్టే ప్రైవేటు బడులకూ ఈ మాట వర్తిస్తుంది. కానీ సర్కారు తన గది సర్దుకోకుండా వాళ్లను అడిగే మొహం ఎక్కడిది?

రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలు జూన్ 12కు ముందే ప్రతి బడిలో, ప్రతి భవిత కేంద్రంలో పనిచేసే థెరపిస్టు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు గోడ మీద అంటించాలి. అంటించలేకపోతే, ఆ గదుల్లో మన పిల్లల ముందు ఎవరు కూర్చుంటున్నారో తమకే తెలియదని ఒప్పుకోవాలి.