ఆఖరి బోల్టుదే అధికారం

కార్లు తయారుచేసేవారికి ఇంజన్ల గురించి ఏమీ తెలియదన్న సంగతి ఇప్పటికే రుజువైపోయింది. అనుమానం ఉన్నవారు బానెట్ ఎత్తి చూసుకోవచ్చు. పొగ బయటికి పోవడానికి వారు పోత ఇనుముతో ఒక మొద్దు మానిఫోల్డ్ పోసి, ఏళ్ల తరబడి నోరెత్తకుండా పనిచేసేలా బిగించి పంపారు. మోత లేదు, మెరుపు లేదు, నలుగురికీ చూపించుకునే వీలు అసలే లేదు. ఆత్మాభిమానం ఉన్న ఏ యజమానీ ఈ అవమానాన్ని భరించలేడు. దాన్ని ఊడదీసి హెడర్లు, అంటే పొగను విడివిడిగా తీసుకుపోయే గొట్టాల గుత్తి, పెట్టుకోవడమే గౌరవప్రదమైన మార్గం. అయితే ఈ మహత్కార్యానికి ఏ భాగాలు కొనాలి, ఏ పనిముట్లు చేతబట్టాలి అన్న విషయంలో అరాచకం రాజ్యమేలుతోంది కనుక కలం పట్టక తప్పలేదు.

సిద్ధాంతాన్ని నేను వెక్కిరించను, అది నిజంగానే చక్కనిది. ఒక్కో సిలిండర్‌కు ఒక్కో గొట్టం, అన్నీ ఇంచుమించు ఒకే పొడవు, చివరికి అన్నీ కలెక్టర్ అనే ఒకే పెద్ద గొట్టంలో కలుస్తాయి. ఒక సిలిండర్ నుంచి దూసుకుపోయిన పొగ తన వెనక ఒత్తిడిని తగ్గించి, తర్వాతి సిలిండర్‌లోని పొగను బయటికి లాగుతుంది. పొడుగు గొట్టాలైతే ఇంజన్ మధ్య, పై వేగాల్లో తిరిగేటప్పుడు బలం పెరుగుతుంది. పొట్టివైతే బిగించడం తేలిక, లాభమూ పొట్టిదే. భౌతికశాస్త్రం తన వంతు పని నిజాయతీగానే చేస్తోంది. చిక్కంతా కొనుగోలుదారు దగ్గర మొదలవుతుంది.

అతడు మొదట గొట్టం వ్యాసం చూస్తాడు. 1⅝ అంగుళాల గొట్టం తన ఇంజన్‌కు చాలునని తెలిసినా 1⅞ అంగుళాలదే తీసుకుంటాడు, ఆ పావు అంగుళంలో తన వ్యక్తిత్వం దాగి ఉన్నట్టు. గొట్టం అవసరానికి మించి వెడల్పైతే పొగ వేగం తగ్గి, ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు కారు నీరసపడుతుంది. ఏం ఫరవాలేదు, మోత పెరుగుతుంది కదా! తర్వాత మెరుపు చూస్తాడు. మామూలు ఉక్కు తుప్పు పడుతుంది, 409 రకం స్టెయిన్‌లెస్ ఉక్కు గోధుమరంగుకు తిరిగినా నిలుస్తుంది, 304 రకం ఎక్కువ కాలం మెరుస్తుంది, కానీ వేడికి ఎక్కువగా సాగుతుంది. సిరామిక్ పూత ఉంటే బానెట్ కింద వేడి తగ్గుతుంది. మామూలు ఉక్కు గొట్టానికి వేడి ఆపే పట్టీ చుట్టేవారిదీ ఒక సంప్రదాయమే: పట్టీ తేమను పట్టి ఉంచుతుంది, లోపల గొట్టం ప్రశాంతంగా తుప్పు తింటుంది. పైన పటారం, లోన లొటారం.

ఇంత పరిశోధన చేసిన మనిషి బోల్టుల గురించి ఒక్క నిమిషమైనా ఆలోచించడు. నా ఫిర్యాదు ఇదొక్కటే. గొట్టాన్ని వధువును చూసినట్టు నఖశిఖపర్యంతం పరిశీలించి, దాన్ని ఇంజన్‌కు పట్టి ఉంచే బోల్టును అడిగే ప్రశ్నే లేకపోవడం ఏ న్యాయం?

పాత బోల్టులు రావు. ఎన్నో వేల సార్లు వేడెక్కి చల్లారిన ఆ బోల్టులకు అవి దిగి ఉన్న సిలిండర్ హెడ్‌తో, అంటే ఇంజన్ పై భాగంతో, విడదీయరాని అనుబంధం ఏర్పడి ఉంటుంది. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె పోసి, పన్నెండు మూలల సాకెట్ పక్కనపెట్టి ఆరు మూలలది పట్టుకుని, మెల్లగా అటూ ఇటూ ఆడించేవాడు పిరికివాడు. శూరుడు పొడుగు గొట్టం తొడిగిన పానాతో ఒక్క ఊపున లాగుతాడు. బోల్టు తల చేతికొస్తుంది, మొండెం హెడ్‌లో ఉండిపోతుంది. అప్పుడు ఎడమవైపు తిరిగే డ్రిల్ బిట్టు, విరిగిన మొండాన్ని పట్టి బయటికి తిప్పే ఎక్స్‌ట్రాక్టర్ రంగంలోకి దిగుతాయి. ఎక్స్‌ట్రాక్టర్ లోపల విరిగిందా, దాని గట్టి ఉక్కును మామూలు డ్రిల్లు గీకనైనా గీకలేదు.

ఇక బిగింపు. పెట్టె మీద 'ఏ మార్పూ లేకుండా సరిపోతుంది' అని ఉంటుంది. స్టార్టర్ మోటారు, ఆయిల్ డిప్‌స్టిక్ గొట్టం, స్టీరింగ్ కడ్డీ ఆ వాక్యం చదవలేదు. అన్ని బోల్టులూ ఎలాగో పడతాయి, ఆఖరిది తప్ప. అది వెనక మూల, గొట్టం వంపు కింద ఉంటుంది. వేలికొన తగులుతుంది, కన్ను చేరదు. సాకెట్ పెడదామంటే గొట్టం అడ్డం. రింగు పానా తల దూరదు. మిగిలింది నోరు తెరిచిన పానా. దాని నోరు 15 డిగ్రీలు పక్కకు వంగి ఉంటుంది కనుక, ప్రతిసారీ పానాను బోర్లా తిప్పి వేస్తూ పోతే ఒక్కో ఊపుకు 30 డిగ్రీలు, అంటే ఒక చుట్టులో పన్నెండో వంతు. ఒక్కో చుట్టుకు 1.25 మిల్లీమీటర్లు దిగే మర ఉన్న బోల్టు 20 మిల్లీమీటర్లు లోపలికి పోవాలంటే 16 చుట్లు. చేత్తో తిప్పే వీలు లేకపోతే 192 ఊపులు. కాబట్టి కొనేటప్పుడు చూడవలసింది మెరుపు కాదు: బోల్టు రంధ్రానికీ గొట్టానికీ మధ్య సందు, చిన్న తల బోల్టులు, కింది రంధ్రాలు తెరిచిన గాడిలా ఉన్నాయా లేదా అన్నది. గాడి ఉంటే బోల్టును ముందే కాస్త ఎక్కించి హెడర్‌ను దాని మీదికి దించవచ్చు. ఈ సంగతి ప్రకటనల్లో ఎందుకు రాయరో ఊహించడం కష్టం కాదు. గాడి ఫొటోలో బాగా పడదు.

హెడర్‌కూ ఇంజన్‌కూ మధ్య పొగ కారకుండా వేసే పొరను గ్యాస్కెట్ అంటారు. పెట్టెతో ఉచితంగా వచ్చే పలుచని కాగితం గ్యాస్కెట్‌ను దాని ఉచిత స్థితిలోనే వదిలేసి, పొరల ఉక్కు గ్యాస్కెట్ వేసుకోవడం మంచిది. హెడర్‌ను ఇంజన్‌కు బిగించే పలక, ఫ్లాంజ్, మందం ⅜ అంగుళం ఉంటే వేడికి త్వరగా వంగదు. లీకుకు విరుగుడుగా మామూలు సిలికాన్ పులిమే మహానుభావులు పొగలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే ఆక్సిజన్ సెన్సర్‌ను కూడా సమాధి చేస్తారు. సెన్సర్‌కు ముందు సందు మిగిలితే మరీ వినోదం. బయటి గాలి లోపలికి దూరి, ఇంధనం తక్కువైందని సెన్సర్ చెబుతుంది, కంప్యూటర్ నమ్మి ఇంకా పోస్తుంది.

వ్యంగ్యం పక్కనపెట్టి రెండు మాటలు. జాకీ ఉన్నది ఎత్తడానికి, కారు కింద మనిషి ఉన్నప్పుడు మోయవలసినవి స్టాండ్లు. లీకయ్యే పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, మూసిన గదిలో ఇంజన్ నడపకూడదు.

పొడుగు హెడర్లు కొన్ని పొగలోని విషాన్ని తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్‌ను సాగనంపమంటాయి. చాలా దేశాల్లో అది నేరం. అందుకే పెట్టె మీద 'రేసు మైదానంలో వాడకానికి మాత్రమే' అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. కొన్నవాడు దాన్ని భక్తితో చదివి, నేరుగా రోడ్డెక్కుతాడు.

బోల్టులను మధ్య నుంచి అంచులకు, విడతలవారీగా టార్క్ రెంచ్‌తో, అంటే బిగింపు బలాన్ని కొలిచే పానాతో, బిగించాలి. కొన్నిసార్లు వేడెక్కి చల్లారాక మళ్లీ సరిచూడాలి. ఈ రెండో విడతలో ఆఖరి బోల్టును ఎవరూ ముట్టుకోరు. పొద్దున్నే ఇంజన్ పెట్టగానే అక్కడి నుంచి టిక్కు టిక్కుమని వినబడుతుంది. యజమాని అది ఇంధనం చిమ్మే ఇంజెక్టర్ల చప్పుడంటాడు, వేడెక్కితే పోతుందంటాడు. లోహం సాగి సందు మూసుకోగానే అది నిజంగానే పోతుంది. పెద్దమనిషిని ఇక వాదనలో ఓడించగలవారెవరు?