గోడకు అటూ ఇటూ

డెట్రాయిట్ నగరం ఉత్తరపు అంచున, ఎయిట్ మైల్ రోడ్డు దగ్గర ఒక కాంక్రీటు గోడ ఉంది. ఆరడుగుల ఎత్తు, అర మైలు పొడవు. 1941లో ఒక రియల్ ఎస్టేట్ వ్యాపారి కట్టించాడు. నల్లజాతివారి ఇళ్ల పక్కన తెల్లవారి కోసం వెంచర్ వేస్తే రుణాలకు పూచీ ఉండబోమని ఫెడరల్ సంస్థ అనడంతో, మధ్యలో ఈ గోడ లేపి పూచీ సంపాదించాడు. గోడ ఇంకా ఉంది. దాని మీద రంగురంగుల బొమ్మలు వేశారు, పక్కనే పిల్లలు ఆడుకునే పార్కు ఉంది. అమెరికా నగరాల ప్రభుత్వ బడుల్లో నల్లజాతి పిల్లలు ఎందుకు వెనకబడుతున్నారని అడిగేవారిని ముందు ఈ గోడ చూసి రమ్మనాలి.

ఇటుకలతో కట్టని గోడలూ ఉన్నాయి. డెట్రాయిట్ బడుల్లో నల్ల, తెల్ల పిల్లల వేర్పాటుపై ఒక కేసు నడిచింది. తెల్లవారు శివార్లకు తరలిపోయాక నగరం లోపల పిల్లలను ఎన్నిసార్లు అటూ ఇటూ మార్చినా వేర్పాటు పోదని గ్రహించిన కింది కోర్టు, చుట్టుపక్కల 53 విద్యా జిల్లాలను కూడా కలపాలని ఆదేశించింది. 1974లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. మన మహానగరాలు తెల్ల నగరం, నల్ల నగరం అని రెండుగా చీలిపోతాయని జస్టిస్ థర్గుడ్ మార్షల్ అసమ్మతి తీర్పులో హెచ్చరించారు. బడుల్లో జాతి వేర్పాటు చెల్లదని తేల్చిన బ్రౌన్ కేసును ఇరవై ఏళ్ల ముందు వాదించి గెలిచిన న్యాయవాది ఆయనే.

2009లో జాతీయ స్థాయి గణిత పరీక్షలో డెట్రాయిట్ పిల్లలకు వచ్చినంత తక్కువ మార్కులు ఆ పరీక్ష చరిత్రలోనే లేవు. అదే ఏడాది మిషిగన్ రాష్ట్రం నగర బడుల పగ్గాలు తాను నియమించిన అధికారికి, అంటే ఎమర్జెన్సీ మేనేజర్‌కు అప్పగించింది. 2016 దాకా అదే పాలన. ఆ ఏడాదే విద్యార్థులు కోర్టుకెక్కారు. తరగతి గదుల్లో ఎలుకలు, చాలని పుస్తకాలు, భరించలేని ఎండ, చలి అన్నీ పిటిషన్‌లో ఉన్నాయి. మా మనసులో నాటుకున్నది మరొకటి. లెక్కల టీచర్ లేకపోవడంతో ఒక బడిలో ఎనిమిదో తరగతి పిల్లవాడే నెల రోజులు ఏడు, ఎనిమిది తరగతులకు పాఠం చెప్పాల్సి వచ్చిందట. చదవడం, రాయడం నేర్చుకోవడం రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని రాష్ట్రం వాదించింది, 2018లో జిల్లా కోర్టు ఔనంది. 2020 ఏప్రిల్‌లో అప్పీళ్ల కోర్టు ధర్మాసనం 2-1 తేడాతో ఆ వాదన తప్పంది. నెల తిరక్కుండానే గవర్నర్ విట్మర్ రాజీకి వచ్చారు, పూర్తి ధర్మాసనం ఆ తీర్పును రద్దు చేసింది. రాజీ ప్రకారం పిల్లలకు చదవడం, రాయడం నేర్పేందుకు 9.44 కోట్ల డాలర్లు మాత్రం 2023లో మంజూరయ్యాయి. హక్కు ఉందో లేదో తేలలేదు.

డెట్రాయిట్ శివార్లు నోవై, ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇల్లు కొనే మన తెలుగువారు వంటగది కన్నా ముందు స్కూలు రేటింగ్ చూస్తారు. పిల్లల చదువు కోసం అప్పులు చేసే జాతి మనది, తప్పు పట్టలేం. కానీ ఆ రేటింగ్‌లో పిల్లల తెలివితేటలతో పాటు 1974 నాటి తీర్పు కూడా కలిసి ఉందని, 'సిటీ పిల్లలు చదవరండీ' అనే ముందు గుర్తు చేసుకుంటే మంచిది.

మిషిగన్‌లో బడుల రోజువారీ ఖర్చును 1994 నుంచి ఎక్కువగా రాష్ట్రమే భరిస్తోంది. భవనాలకు మాత్రం ఇప్పటికీ స్థానిక ఆస్తి పన్నే దిక్కు. ఇళ్ల ధరలు పడిపోయిన నగరంలో ఆ పన్ను ఎంత వస్తుంది? అందుకే డెట్రాయిట్ బడులు కోవిడ్ సాయంగా వచ్చిన డబ్బులోంచి దాదాపు 70 కోట్ల డాలర్లు భవనాలకు కేటాయించుకున్నాయి. ఒక్కసారి వచ్చిన సొమ్ము అది. మళ్లీ పైకప్పు కారితే ఖర్చు ఎవరిదో మిషిగన్ శాసనసభ ఇప్పుడే తేల్చాలి.