తాత మంచానికి తగ్గ బీరువా

ఒక కుటుంబం ఎంత నాగరికమైందో తెలుసుకోవాలంటే ఆ ఇంటి పాత మంచం ఎక్కడుందో చూస్తే చాలని నా సిద్ధాంతం. పదేళ్ల కిందట మా తాత పందిరి మంచం ఊళ్లో కొట్టంలో ఉండేది. పైన మిరపకాయల బస్తాలు, కింద కోళ్లు. ఇప్పుడది హన్మకొండలో మా ఫ్లాట్‌లో, పడకగదిలో ఉంది. పేరు కూడా మారింది: యాంటిక్. దాని మీద ఎవరైనా తడి తువ్వాలు ఆరేస్తే మా ఆవిడ చూసే చూపుకు, కోళ్లయితే గుడ్లు పెట్టడం మానేస్తాయి.

మంచం రాగానే గదిలో మిగతా సామానంతా వెలవెలబోయింది. నిక్షేపంలాంటి సన్మైకా బీరువా ఒక్క రాత్రిలో పరాయిదైపోయింది. మంచానికి మ్యాచయ్యేలా బీరువా, డ్రెస్సింగ్ టేబుల్, చిన్న బల్లలు రెండు టేకుతో చేయించాలని తీర్మానమైంది. నా ఓటు లెక్కలోకి రాలేదు.

వడ్రంగి వచ్చి మంచం చుట్టూ ప్రదక్షిణ చేశాడు. మంచం కోళ్లు తట్టి చూశాడు. కర్రలో కర్ర దిగేసిన అతుకులు, ఎక్కడా ఒక్క మేకు లేదు. "అంతా చేవనే సారూ, తెల్లచెక్క ఇంత గూడ లేదు" అని, అలాంటి టేకు ఇప్పుడు ఘనపుటడుగు ఎంత పలుకుతుందో చెప్పాడు. నేను మంచం మీద కూలబడ్డాను. కాళ్లు నేలకు అందలేదు. మంచం ఎత్తువల్లో, ధరవల్లో తెలియలేదు.

అసలు చిక్కు రంగు దగ్గర వచ్చింది. కొత్త టేకు పసుప్పచ్చగా ఉంటుంది. స్పిరిట్‌లో లక్క కరిగించి, రంగుపొడి కలిపి, గుడ్డతో రుద్దాడు, ఆరాక మళ్లీ రుద్దాడు. ఒకసారి బెల్లం పాకం, ఒకసారి మాడిన పల్లీపట్టి. మా ఆవిడ తలాపు చెక్క నడుమ నల్లగా నిగనిగలాడే చోటు చూపించి, "ఇగో, ఈ షేడ్ కావాలె" అంది. అతను వేలితో తడిమి, వాసన చూశాడు.

"ఇది డబ్బాల దొరకదమ్మా. పెద్దాయన తలనూనె. ఏండ్లకేండ్లు తలానిస్తెనే వస్తది."

1163లో కట్టిన వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్ని 2006 ప్రాంతంలో విప్పితే మళ్లీ తెరిచింది 2024 మార్చిలో. అలాంటి ఊళ్లో మా బీరువా ఎనిమిది నెలలకే వచ్చిందంటే జెట్ స్పీడే. వచ్చాక ఒక లోపం బయటపడింది. కొత్తగా కనిపిస్తోంది! దానికీ విరుగుడు ఉంది. వడ్రంగి సైకిల్ గొలుసుతో తలుపులను బాదాడు. అంచులు అరగదీశాడు. మేకు మొనతో పురుగు తొలిచినట్టు చిల్లులు పెట్టాడు. చేవ టేకులో నూనె ఉంటుంది కాబట్టి చెదలు దాని జోలికి అంత తొందరగా రావు. అవి చేయని పనికి కూలి నేనిచ్చాను.

మొన్న ఊరి నుంచి అమ్మ వచ్చింది. మంచాన్ని పాత చుట్టాన్ని పలకరించినట్టు నిమిరింది. బీరువా ముందు మాత్రం చాలాసేపు నిలబడి, చిల్లుల్లో వేలు పెట్టి చూసింది. తర్వాత నన్ను వంటింట్లోకి పిలిచి, కోడలికి వినబడకుండా అడిగింది.

"సెకండ్‌హ్యాండ్‌ది కొన్నవా బిడ్డా? పైసలు తక్కువ పడితే నాకొక మాట చెప్పరాదు?"