ఫిల్టర్‌కు కీలు కనపడవా?

వెబ్‌సైట్లకు వాడే ప్రోగ్రామింగ్ భాష పీహెచ్‌పీ నేర్చుకుంటున్న మా హనుమకొండ పిల్లల ఫోన్లలో ఒక పేజీ నోట్సు తిరుగుతోంది. అర్రే అంటే ఒక్కో విలువకు ఒక్కో కీ (పేరో, నంబరో) తగిలించి పెట్టుకునే జాబితా; అర్రే_ఫిల్టర్ దాన్ని వడకట్టే ఫంక్షన్. నోట్సు సారం ఇది: "అర్రే_ఫిల్టర్ విలువలనే చూస్తుంది, కీలను చూడదు. కీలనుబట్టి ఏరాలంటే అర్రేను తిరగేసి, వడకట్టి, మళ్లీ తిరగేయాలి. వడకట్టాక నంబర్లు సున్నా నుంచి వాటంతటవే సర్దుకుంటాయి."

మొదటి మాట ఒకప్పుడు నిజమే. 2014లో వచ్చిన 5.6 వెర్షన్‌తో ఆ కొరత తీరింది. మూడో ఆర్గ్యుమెంట్‌గా అర్రే_ఫిల్టర్_యూజ్_కీ ఇస్తే కాల్‌బ్యాక్‌కు (ఏది ఉంచాలో తేల్చడానికి మనం రాసిచ్చే ఫంక్షన్‌కు) విలువకు బదులు కీ అందుతుంది. అర్రే_ఫిల్టర్_యూజ్_బోత్ ఇస్తే రెండూ వస్తాయి, ముందు విలువ, తర్వాత కీ. ఈ వరుస మరిచి తల పట్టుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

అసలు ప్రమాదం రెండో సలహాలో ఉంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో క్వింటాలు తేజ మిర్చి 14000, వండర్ హాట్ మిర్చి 12500, పసుపు 12500 పలికాయనుకుందాం (అంకెలు నేను వేసుకున్నవే). పేరు కీ, ధర విలువ. అర్రే_ఫ్లిప్‌తో తిరగేస్తే ధరే కీ అవుతుంది. ఒకే కీ రెండుసార్లు ఉండదు కనుక 12500 దగ్గర చివర వచ్చిన పసుపు నిలుస్తుంది, వండర్ హాట్ గల్లంతవుతుంది. హెచ్చరిక కూడా రాదు. ఇక మిర్చి రకాలు ఏరమంటే తేజ ఒక్కటే చేతికొస్తుంది. రైతు చూసే ధరల పట్టికలో ఇలా జరిగితే ఎవరిని అడగాలి?

తిరగేయవలసింది ధరల అర్రేను కాదు, మనకు కావలసిన పేర్ల జాబితాను. దాన్ని ఫ్లిప్ చేసి, రెండింటిలోనూ ఉన్న కీలనే ఉంచే అర్రే_ఇంటర్‌సెక్ట్_కీకి ముందు ధరల అర్రే, తర్వాత ఇది ఇస్తే కాల్‌బ్యాక్ అవసరమే లేదు. ఫలితం మాత్రం ధరల అర్రేలోని వరుసలోనే వస్తుంది, మన జాబితా వరుసలో కాదు.

నంబర్లు సర్దుకోవడమూ వట్టిదే. 0, 2, 3 మిగిలితే అవి అలాగే ఉంటాయి. అదే జేసన్‌గా (యాప్‌ల మధ్య డేటా పంపుకునే రూపంలో) పంపితే చదరపు బ్రాకెట్ల జాబితాకు బదులు మీసాల బ్రాకెట్ల ఆబ్జెక్టు వెళ్తుంది, అవతలి యాప్ తెల్లముఖం వేస్తుంది. ముందు నంబర్లను సున్నా నుంచి కొత్తగా వేసే అర్రే_వాల్యూస్ పిలవాలి.

నోట్సులో లేని చిక్కు ఇంకొకటి ఉంది. పిన్‌కోడ్ '506002'ను కీగా పెడితే పీహెచ్‌పీ దాన్ని పూర్ణాంకంగా మార్చేస్తుంది. కాల్‌బ్యాక్‌లో మూడు సమాన గుర్తులతో (అంటే రకం కూడా ఒకటే కావాలంటూ) స్ట్రింగ్‌తో, అంటే అక్షరాల రూపంతో, పోలిస్తే ఒక్కటీ దొరకదు. '08' లాంటిదైతే మాత్రం స్ట్రింగ్‌గానే ఉండిపోతుంది.