వేలంలో కనపడని రూపాయిన్నర

కేంద్ర సంస్థలు వేలం వేసి ఖరారు చేసిన సౌర విద్యుత్తును డిస్కంలు, అంటే రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థలు, కొనడం లేదని ఢిల్లీ వాపోతోంది. 2023 మార్చిలో ఏటా 50 గిగావాట్లకు (గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు) టెండర్లు పిలవాలని కేంద్రం తీర్మానించింది. కేంద్రం తరఫున సౌర విద్యుత్తు కొని రాష్ట్రాలకు అమ్మే సెకి, దానితోపాటు ఎన్టీపీసీ, ఎన్‌హెచ్‌పీసీ, ఎస్‌జేవీఎన్ ఒకదాన్ని మించి ఒకటి పిలిచాయి. 2025కి వచ్చేసరికి వేలం ముగిసి, గెలిచిన కంపెనీకి అవార్డు లేఖ కూడా అంది, కొనేవాడి సంతకం లేక ఆగిపోయిన ప్రాజెక్టులు 40 గిగావాట్లు దాటాయి. ఇదంతా డిస్కంల మొండితనమట. ఒక్కసారికి డిస్కంల పక్షాన నిలబడక తప్పదు. వాళ్లు సంతకం పెట్టకపోవడమే సరైన పని. వేలం అడిగే ప్రశ్నలోనే తప్పుంది.

ఆ ప్రశ్న ఏమిటి? ‘నీ ప్లాంటు అంతర్రాష్ట్ర గ్రిడ్‌కి కలిసే చోట యూనిట్ ఎంతకిస్తావు?’ అంతే. ఆ కరెంటు ఏ రాష్ట్రానికి పోవాలి, ఎన్ని వందల కిలోమీటర్ల లైను ఎక్కాలి, మధ్యాహ్నం పన్నెండుకి వస్తుందా, రాత్రి ఎనిమిదికి వస్తుందా అన్నది మామూలు సోలార్ వేలంలో బిడ్డర్‌ని ఎవరూ అడగరు. పొలం గట్టు మీద టమాటా ధర కనుక్కుని, మదనపల్లె మార్కెట్ ధర తెలిసిపోయిందనుకోవడం లాంటిదిది.

ధర తగ్గిన మాట నిజమే. 2010లో నేషనల్ సోలార్ మిషన్ మొదటి వేలంలో సగటున 12 రూపాయలు పలికిన యూనిట్, 2017 మేలో రాజస్థాన్‌లోని భడ్లాలో 2.44కి, 2020 డిసెంబర్‌లో గుజరాత్ వేలంలో 1.99కి దిగింది. ప్యానెళ్లు చవకయ్యాయి, అప్పులు చవకయ్యాయి, పోటీ పెరిగింది. మధ్యలో సన్‌ఎడిసన్ లాంటివీ ఉన్నాయి. 2015 నవంబర్‌లో కర్నూలు జిల్లా గని పార్కులో 500 మెగావాట్లను 4.63కి గెలుచుకున్న ఆ కంపెనీ ఆరు నెలలు తిరక్కుండానే అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది. ఆ ప్రాజెక్టును గ్రీన్‌కో తీసుకుని కట్టింది. అయినా వేలం మీద నా ఫిర్యాదు అది కాదు.

లెక్క వేసి చూద్దాం. రాజస్థాన్‌లో ఒక మెగావాట్ ప్లాంటు 25 శాతం సామర్థ్యంతో నడిస్తే నెలకు సుమారు 1,82,500 యూనిట్లు వస్తాయి. అంతర్రాష్ట్ర లైన్ల చార్జీ యూనిట్ల లెక్కన ఉండదు. కేటాయించుకున్న మెగావాట్ల మీద నెలనెలా పడుతుంది. అది మెగావాట్‌కు 3 లక్షలు అనుకుందాం. యూనిట్‌కి రూపాయి 64 పైసలు పడింది. అదే లైను మీద 80 శాతం సామర్థ్యంతో నడిచే థర్మల్ ప్లాంటు కరెంటు వస్తే ఆ 3 లక్షలు 5,84,000 యూనిట్లకు పంచుకుపోయి యూనిట్‌కి 51 పైసలతో సరిపోతుంది. రాత్రంతా లైను ఖాళీగా, ఎండ తక్కువైన వేళల్లో సగం ఖాళీగా వేలాడుతున్నా అద్దె ఆగదు కాబట్టే ఈ తేడా.

వేలం రేటు 2.50. దాని మీద సెకి కమీషన్ 7 పైసలు. దారిలో నష్టాలు 8 శాతం అనుకుంటే 2.79. లైను అద్దె కలిపితే 4.43. పేపర్లో ‘రెండున్నరకే సోలార్’ అని పడిన కరెంటు మన రాష్ట్ర సరిహద్దు దాటేసరికి నాలుగున్నర దగ్గరికి చేరింది. రాష్ట్రంలోపల లైన్లు నడిపే ట్రాన్స్‌కో చార్జీ దీని మీద అదనం.

ఇన్నేళ్లూ ఇది ఎందుకు కనపడలేదంటే, 2025 జూన్ 30 లోపు మొదలైన సౌర, పవన ప్రాజెక్టులకు అంతర్రాష్ట్ర చార్జీని కేంద్రం మాఫీ చేసింది. మాఫీ అంటే ఖర్చు మాయమవడం కాదు. అంతర్రాష్ట్ర లైన్లు నడిపే పవర్‌గ్రిడ్‌కి కట్టాల్సింది కట్టాల్సిందే. ఆ భారం ఉమ్మడి పద్దులోకి వెళ్లి మిగతా వాడకందారుల మధ్య పంపకమైంది. ఆ గడువు తర్వాత మొదలయ్యే ప్రాజెక్టులకు ఏడాదికి 25 శాతం చొప్పున మాఫీ కరిగిపోతోంది. మొదటి ఏడాది మొదలైనవాటికి మన లెక్కలో 41 పైసలు, రెండో ఏడాది మొదలైనవాటికి 82. 2028 జూలై నుంచి మొదలయ్యేవాటికి పూర్తి చార్జీ. అవార్డు లేఖలు పట్టుకుని తిరుగుతున్న ప్రాజెక్టులు ఎప్పుడు పూర్తవుతాయో, ఎంత చార్జీ పడుతుందో తెలియకుండా పాతికేళ్ల ఒప్పందం మీద ఏ డిస్కం ఎండీ సంతకం పెడతాడు?

2021 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ 2.49 చొప్పున 7,000 మెగావాట్లకు సెకితో ఒప్పందం చేసుకున్నప్పుడు వినిపించిన వాదన పగటిపూట తొమ్మిది గంటల వ్యవసాయ కరెంటు. ఆ ఒప్పందం చుట్టూ నడిచిన రగడ అందరికీ తెలిసిందే, కేసుల సంగతి కోర్టులు తేలుస్తాయి. అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అనంతపురం బోరు మోటారు తిరగడానికి, అనంతపురంలోనే మండే ఎండను వదిలేసి, రాజస్థాన్ ఎడారి నుంచి కరెంటు తేవడమేమిటి? మాఫీ ఉంది కాబట్టి గిట్టుబాటైంది. లైను అద్దె బిడ్‌లో కనిపించి ఉంటే అక్కడి ఎండకూ ఇక్కడి ఎండకూ ఉన్న తేడా అద్దెకు చాలదు.

కరెంటు ఎక్కడ దిగాలో బిడ్‌లోనే అడగడం ఊహ కాదు, చేసి చూపించినవాళ్లున్నారు. 2015 టెండర్లో తెలంగాణ బిడ్డర్లకు సబ్‌స్టేషన్లు చూపించి, ఏ సబ్‌స్టేషన్‌కి ఇస్తావో చెప్పమంది. అందుకే అక్కడ సోలార్ ఒకే పార్కులో గుట్టపడకుండా మహబూబ్‌నగర్, మెదక్, నల్గొండ అంతటా పరుచుకుంది. మహారాష్ట్ర ఇంకా ముందుకెళ్లింది. వ్యవసాయ ఫీడర్ల (సబ్‌స్టేషన్ నుంచి మోటార్లకు వెళ్లే లైన్ల) కోసం సబ్‌స్టేషన్ల వారీగా వేలం వేసి, 2024 మార్చిలో 9,000 మెగావాట్లకు 2.82 నుంచి 3.10 మధ్య అవార్డులిచ్చింది. ఆ కరెంటు సబ్‌స్టేషన్ గుమ్మం దగ్గరే దిగుతుంది. పైన వేసిన 4.43తో పోల్చుకోండి. వ్యవసాయానికి సోలార్ కోసం కేంద్రం పెట్టిన కుసుమ్ పథకం కింద సాయం, ప్రభుత్వ భూమి ఉన్నాయి కాబట్టే ఆ రేటు వచ్చిందంటారు. ఒప్పుకుంటాను. కానీ ఆ సాయం బడ్జెట్‌లో అంకెగా కనిపిస్తుంది, ఒక్కసారితో తీరిపోతుంది. లైన్ల మాఫీ పాతికేళ్లు నడుస్తుంది, ఏ బడ్జెట్‌లోనూ ఉండదు.

కింది స్థాయిలో చిక్కులు లేవని కాదు. 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో మామూలుగా 5 ఎంవీఏ (సుమారు 5 మెగావాట్లు మోసే) ట్రాన్స్‌ఫార్మర్లు ఒకటో రెండో ఉంటాయి. వర్షాకాలంలో మోటార్లు ఆగినప్పుడు 4 మెగావాట్ల సోలార్ కరెంటు ఫీడర్లలో ఖర్చు కాక వెనక్కి 33 కేవీలోకి ఎక్కుతుంది. దానికి తగ్గట్టు, లోపం వస్తే లైను ఆపే రిలేల సెట్టింగులు, రెండు వైపులా కొలిచే మీటరు ముందే పెట్టాలి. ఫీడర్ మీద లైన్‌మన్ పని కోసం ఎల్‌సీ (లైను ఆపే అనుమతి) తీసుకున్నా, గాలివానకు ట్రిప్పయినా, అదే ఫీడర్‌కి కలిపిన ప్లాంటులో ఇన్వర్టర్లు భద్రత కోసం వాటంతటవే ఆగిపోతాయి. అందుకని ప్లాంటును రైతుల ఫీడర్‌కి తగిలించకూడదు. సబ్‌స్టేషన్ బస్‌కి, అంటే ఫీడర్లన్నీ కలిసే కడ్డీకి, సొంత బ్రేకరుతో ప్రత్యేక లైను వేయాలి. గ్రిడ్ లేక ఆగిన గంటలకు ఎవరు చెల్లించాలో ఒప్పందంలో రాయాలి. ఇది రాయని చోట బ్యాంకు అప్పివ్వదు. మెగావాట్‌కు నాలుగెకరాల భూమి సబ్‌స్టేషన్‌కి ఐదు కిలోమీటర్లలోపు దొరకాలి. దూరమైతే లైను ఖర్చే రేటును మింగేస్తుంది.

కేంద్ర వేలాలను సమర్థించేవాళ్ల వాదనలో బలమైనది ఒకటుంది: సెకి మధ్యలో ఉంటే డబ్బు సకాలంలో వస్తుంది, అందుకే విదేశీ పెట్టుబడి చవకగా దొరుకుతుంది. 2019లో ఏపీ ప్రభుత్వం కుదిరిన పవన ఒప్పందాల ధర తిరగదోడబోయి, 2022 మార్చిలో హైకోర్టులో ఓడిన కథ చూశాక డిస్కంని నేరుగా నమ్మేదెవరు? సరే. దానికి విరుగుడు చెల్లింపు హామీ నిధి, వసూళ్లు ముందు అమ్మినవాడికే చేరే ఎస్క్రో ఖాతా, బ్యాంకు హామీ లాంటి లెటర్ ఆఫ్ క్రెడిట్. కరెంటు రాజస్థాన్ నుంచే రావాలని దాని అర్థం కాదు.

అసలు అడ్డంకి వేరే ఉంది, దాన్ని పార్టీలన్నీ కలిసి కప్పిపెడుతున్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లో 40 లక్షలకు పైగా వ్యవసాయ మోటార్లున్నాయి, వాటిలో అత్యధికం మీటరు లేనివి. శ్రీకాకుళంలో పెట్టి చూసిన మోటారు మీటర్ల ప్రయోగం రాజకీయమైంది. తెలంగాణ ఆ మాటే వద్దంది. మోటారుకు మీటరు వద్దంటే పోనీ, ఫీడర్‌కైనా పదిహేను నిమిషాలకోసారి నమోదయ్యే మీటరు పెట్టి ఆ అంకెలు బయటపెట్టడానికి ఏమొచ్చింది? ఉచిత విద్యుత్ సబ్సిడీ మొత్తం అంచనాల మీద నడుస్తోంది. పంపిణీ నష్టాలు, దొంగతనం ఎంతో కొంత ఆ పద్దులోకే జారిపోతాయి. ఫీడర్ లెక్క బయటపడితే ఆ తలుపు మూతపడుతుంది. సబ్‌స్టేషన్ వేలానికి కావలసిన మొదటి కాగితమూ అదే: ఏ ఫీడర్ మీద పగలు కనిష్ఠంగా ఎంత లోడు? అది లేకుండా 4 మెగావాట్లు పెట్టాలో 2 పెట్టాలో ఏ ఇంజినీరూ చెప్పలేడు.

రాత్రి కరెంటుకు ఈ సోలార్ పనికిరాదు, దానికి వేరే టెండరే పిలవాలి. కరెంటు కొని అమ్మే ఎక్స్ఛేంజ్‌లో మధ్యాహ్నం అడిగేవాడు లేని కరెంటు సాయంత్రం 10 రూపాయల గరిష్ఠ పరిమితిని తాకిన రోజులున్నాయి. బ్యాటరీ వేలంలో 2022లో మెగావాట్‌కు నెలకు 10.84 లక్షలున్న అద్దె 2024 మార్చిలో గుజరాత్‌లో 4.49 లక్షలకు, ఏడాది చివరికి సుమారు 2.2 లక్షలకు పడింది. కాబట్టి డిస్కంలు రెండు టెండర్లు పిలవాలి. ఒకటి పగటి మోటార్ల కోసం, సబ్‌స్టేషన్ల వారీగా. రెండోది సాయంత్రం ఆరు నుంచి పది వరకు, సరఫరా చేసిన యూనిట్‌కే డబ్బు, తప్పిన గంటకు జరిమానా. రెండింట్లోనూ బిడ్‌లను పోల్చాల్సింది ట్రాన్స్‌కో చార్జీలు, నష్టాలు కలిపిన రేటుతో. రాజస్థాన్ ప్లాంటు కూడా వచ్చి పోటీ పడొచ్చు, తన లైను అద్దె తనే వేసుకుని.